చెదిరే ఛర్రాలు – చెదరని బాధ్యత

అల్లాహ్ ఒక వస్తువును ధర్మసమ్మతం చేశాడంటే దాన్ని సంపాదించే దారులన్నీ ధర్మసమ్మతమైపోయినట్లేనా? ఈ ప్రశ్నకు వెంటనే కాదనే జవాబిస్తాం. వ్యాపారం హలాల్, తూకంలో మోసం హరామ్. నికాహ్ హలాల్, కట్నం కోసం ఆడపిల్ల తండ్రిని పీడించడం హరామ్. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని దారి పూర్తిగా హరామ్ కాకుండా, పూర్తిగా నిర్మలంగానూ లేకుండా ఉన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. అలాంటి చోట మనిషి ఫత్వా పుస్తకంలో తనకు కావలసిన వాక్యం వెదుక్కుంటాడు. అది దొరికిన తరువాత హృదయాన్ని అడగడం మానేస్తాడు.

వేట అలాంటి విషయాల్లో ఒకటి. దివ్యఖుర్‌ఆన్‌లోని అల్ మాయిదా సూరా వేటను అనుమతించింది. హదీసు గ్రంథాల్లో వేటకు ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి. అయితే ఆ అధ్యాయాలు చదివిన వారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. అక్కడ అనుమతి ఒక్క మాటలో ముగుస్తుంది, షరతులు మాత్రం చాలా దూరం సాగుతాయి.

మాకు వచ్చిన ప్రశ్న

మంచాల మండలం నుండి వెళ్ళి అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు మాకు ఉర్దూలో ఉత్తరం రాశారు. అక్కడ బాబ్‌వైట్ అనే పూరేడు జాతి పక్షిని ప్రభుత్వ లైసెన్సుతో నిర్ణీత కాలంలో వేటాడవచ్చు. ఈ పక్షులు గుంపుగా గడ్డిలో నక్కి ఉంటాయి. మనిషి దాదాపు కాలు మోపేంత దగ్గరకు వచ్చే వరకు కదలవు. ఆ తరువాత ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ నలుదిక్కులకూ లేస్తాయి. మన ప్రాంతంలో తీతర్ అని, బటేర్ అని పిలుచుకునే కౌజు, పూరేడు పిట్టల తీరు కూడా ఇంచుమించు ఇదే. కనుక తుపాకీ పేల్చవలసిన దూరం పదిహేను, ఇరవై మీటర్లు మించదు.

ఇంత దగ్గర నుండి కొట్టేందుకు ఛర్రాలు త్వరగా విచ్చుకుపోయే ప్రత్యేకమైన తూటాలు దొరుకుతాయి. వాటిని స్ప్రెడర్ తూటాలంటారు. ఆ యువకుడి ప్రశ్న ఇది: మామూలు తూటాతో కొడితే పక్షి అక్కడికక్కడే చచ్చిపోతుంది, కనుక హనఫీ మస్లక్ ప్రకారం తినడానికి పనికిరాదు. వెడల్పుగా పరుచుకునే తూటాతో కొడితే ఒకటి రెండు ఛర్రాలే తగిలి పక్షి ప్రాణంతో కింద పడుతుంది. అప్పుడు బిస్మిల్లాహ్ చెప్పి జిబహ్ చేసుకోవచ్చు. కాబట్టి ఒక ముస్లిముకు ఈ తూటాయే ఉత్తమం కాదా?

ఈ ప్రశ్నలో నిజాయితీ ఉంది. హరామ్ తినకూడదన్న తపన ఉంది. అందుకే దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పి సరిపెట్టడం సబబు కాదని మేము భావించాం. తూటా ఏం చేస్తుందో తెలియకుండా దాని గురించి తీర్పు చెప్పడమూ సబబు కాదు. అందువల్ల ముందుగా ఆ సంగతి చూద్దాం.

తుపాకీ చేసే పని

షాట్‌గన్ తూటాలో రైఫిల్ తూటాలో మాదిరిగా ఒకే గుండు ఉండదు. అడుగున మందు, దాని మీద వాడ్ అనే అడ్డు, ఆ పైన సీసపు ఛర్రాలు ఉంటాయి. 12 బోరు తుపాకీకి వాడే ఒక మామూలు తూటాలో ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల ఛర్రాలుంటాయి. అమెరికా కొలతల ప్రకారం 6వ నంబరు ఛర్రాలైతే ఔన్సుకు దాదాపు 225 వస్తాయి. ఇంకా చిన్నవైన 8వ నంబరువి అయితే దాదాపు 410 వస్తాయి.

గొట్టం నుండి బయటపడిన ఛర్రాలు దూరం వెళ్ళేకొద్దీ విచ్చుకుంటాయి. గొట్టం మూతిని కొద్దిగా సన్నం చేస్తే అవి ఎక్కువ దూరం దగ్గరదగ్గరగా వెళ్తాయి. దీన్ని చోక్ అంటారు. 1866లో ఇంగ్లండుకు చెందిన పేప్ అనే తుపాకుల తయారీదారు దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1870లలో గ్రీనర్ అనే మరొక తయారీదారు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 40 గజాల దూరంలో పెట్టిన కాగితం మీద 30 అంగుళాల వలయం గీస్తే, అందులో నూటికి 70 ఛర్రాలు పడే గొట్టాన్ని ఫుల్ చోక్ అంటారు. అసలు చోక్ లేని గొట్టమైతే నూటికి 40 మాత్రమే ఆ వలయంలో పడతాయి.

అదే గొట్టాన్ని దగ్గరి వేటకు వాడితే పరిస్థితి మారిపోతుంది. 20 గజాల దూరంలో, అంటే సుమారు 18 మీటర్లలో, ఫుల్ చోక్ ఛర్రాలు 16 అంగుళాల వెడల్పున పరుచుకుంటాయి. చోక్ లేని గొట్టం ఛర్రాలు 32 అంగుళాలు పరుచుకుంటాయి. బిగువైన గొట్టమున్న తుపాకీ చేతిలో ఉండి, పక్షి కాళ్ళ దగ్గర నుండి లేచినప్పుడు స్ప్రెడర్ తూటా వాడతారు. కొన్నింట్లో ఛర్రాల మధ్య గుణకారపు గుర్తు ఆకారంలో అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన అడ్డు ఉంటుంది. కొన్నింట్లో వాడ్ మధ్యలో చిన్న స్తంభం వంటిది నిలబెడతారు. మరికొన్నింట్లో ఛర్రాలనే గుండ్రంగా కాకుండా బిళ్ళలుగానో, చదరపు ముక్కలుగానో పోస్తారు. అవి గాలిలో నిలకడగా పోలేక పక్కలకు చెదిరిపోతాయి, వేగం కూడా త్వరగా కోల్పోతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. వలయం వెడల్పు రెట్టింపైతే దాని వైశాల్యం నాలుగింతలవుతుంది. ఛర్రాలు మాత్రం ఆ 225 మాత్రమే. పక్షి శరీరంలో ప్రాణస్థానం అరచేతి మేర, అంటే 100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 16 అంగుళాల వలయంలో ఆ మేరకు సగటున 17 ఛర్రాలు పడతాయి. 32 అంగుళాల వలయంలో 4 పడతాయి. పక్షి ఇంకో పది గజాలు ఎగిరి 30 గజాలకు చేరేలోగా ఆ వలయం 44 అంగుళాలవుతుంది. అప్పుడు సగటున రెండు ఛర్రాలే మిగులుతాయి. సగటు రెండంటే ప్రతి పక్షికీ కచ్చితంగా రెండు తగులుతాయని కాదు. సంభావ్యత లెక్క ప్రకారం దాదాపు మూడు పక్షుల్లో ఒకదానికి ఒకటే తగులుతుంది, లేదా ఏదీ తగలదు. ఇది కూడా ఛర్రాలన్నీ వలయంలోనే, ఒకే తీరులో పడతాయనుకుని వేసిన లెక్క. వాస్తవంలో అవి మధ్యలో దట్టంగా, అంచుల్లో పలచగా పడతాయి.

న్యాయంగా మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. పదిహేను మీటర్ల దూరంలో చిన్న పూరేడు మీద బిగువైన గొట్టంతో కొడితే పక్షి ఛిద్రమైపోతుంది. మాంసం తినడానికి పనికిరాదు. తినడానికి పనికిరాకుండా ప్రాణం తీయడం వృధా వ్యయం, అల్లాహ్ ఇష్టపడని పని. తగిన దూరంలో, తగినంత దట్టంగా పడేటట్లు వాడితే స్ప్రెడర్ తూటా పక్షిని త్వరగా చంపుతుంది, మాంసాన్నీ కాపాడుతుంది. కనుక ఆ తూటా దానంతట అది చెడ్డ వస్తువు కాదు. ఏ దూరంలో, ఏ ఉద్దేశంతో దాన్ని పేలుస్తున్నామన్నదే ప్రశ్న.

ధర్మశాస్త్రం ఏమంటుంది?

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) దైవప్రవక్త (స)ను వేట గురించి అనేక ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒకటి మిఅరాజ్ అనే ఈకలు లేని బరువైన బాణం గురించి. అది వాడిగా ఉన్న వైపు తగిలి శరీరంలోకి చొచ్చుకుపోతే తినవచ్చని, అడ్డంగా తగిలి ఆ దెబ్బకు జంతువు చనిపోతే తినకూడదని ఆయన (స) చెప్పారు. దెబ్బ తగిలి చచ్చిన జంతువును ఖుర్‌ఆన్ మౌఖూజా అని పేర్కొని నిషేధించింది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

తుపాకీ వచ్చాక పండితుల ముందు కొత్త ప్రశ్న నిలిచింది. ఛర్రా వాడి వైపు కిందికి వస్తుందా, అడ్డపు దెబ్బ కిందికి వస్తుందా? హనఫీ పండితుల్లో అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్మ) ఛర్రాకు పదును లేదని, అది వేగం వల్ల, బరువు వల్ల చంపుతుందని, కనుక జిబహ్ చేయకముందే చనిపోయిన పక్షి హలాల్ కాదని అభిప్రాయపడ్డారు. భారత ఉపఖండంలోని హనఫీ ఉలమాలో అత్యధికులు ఈ మాటనే అనుసరించారు. యెమెన్ పండితుడు ఇమామ్ షౌకానీ (రహ్మ), మాలికీ పండితుల్లో పలువురు మరొక విధంగా చెప్పారు. ఛర్రా శరీరాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది గనుక బిస్మిల్లాహ్ చెప్పి పేలిస్తే ఆ పక్షి హలాల్ అని వారి అభిప్రాయం. పక్షి ప్రాణంతో దొరికితే జిబహ్ చేయాలన్న విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. జిబహ్‌లో బిస్మిల్లాహ్ ఏ జంతువు మీద చెప్పామో ఆ జంతువుకే వర్తిస్తుంది. వేటలో బిస్మిల్లాహ్ వదిలిన ఆయుధం మీద చెప్పినట్లని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. అందువల్లనే ఒక పక్షికి గురిపెట్టిన బాణం మరొక పక్షికి తగిలినా అది హలాలే. ఈ సౌలభ్యం చేయి తప్పే మనిషి బలహీనత కోసం ఇచ్చినది. గురి పెట్టవలసిన అవసరమే లేదనడానికి దీన్ని ఆధారం చేసుకోవడం సరికాదు.

గాయపరచి పట్టుకోవడం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పలచగా కొట్టి, పక్షిని ప్రాణంతో పడేసి, జిబహ్ చేసుకోవడం మంచిదేనా?

ఫిఖహ్ చెప్పిన మాటను మళ్ళీ జాగ్రత్తగా చూడండి. పక్షి ప్రాణంతో దొరికితే జిబహ్ చేయమని అది చెప్పింది. ప్రాణంతో దొరికేటట్లు సగం చంపమని ఎక్కడా చెప్పలేదు. జిబహ్ షరతు వెనుక ఉన్న వివేకాల్లో ఒకటి ప్రాణికి బాధ తగ్గించడం. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను విధించాడని, చంపవలసి వచ్చినప్పుడు కూడా ఉత్తమంగా చంపాలని, కత్తికి పదును పెట్టుకుని జంతువుకు సుఖం కలిగించాలని దైవప్రవక్త (స) బోధించారు. బాధ తగ్గించడానికి పెట్టిన షరతును నెరవేర్చే నెపంతో బాధను పెంచే ఏర్పాటు చేసుకోవడం ఎంత విపరీతమో ఆలోచించండి. మొద్దు కత్తితో కోసి, మెడ తెగింది కాబట్టి హలాలేగా అని వాదించడం లాంటిదే ఇది.

దీనికి కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. శిక్షణ ఇచ్చిన కుక్కను వదిలినప్పుడు కూడా జంతువు గాయపడి ప్రాణంతో దొరుకుతుంది కదా, దాన్ని షరీయత్ అనుమతించింది కదా అంటారు. నిజమే. కాని ఆ కుక్క పట్టిన జంతువు యజమాని చేతికి చేరుతుంది. జంతువును తనకోసం గాక యజమాని కోసం పట్టి ఉంచడమే దాని శిక్షణకు గుర్తు. రెక్కలో ఒకటి, పేగుల్లో ఒకటి ఛర్రా దిగిన పక్షి మన చేతికి చేరాలన్న నియమమేమీ లేదు. అది ముళ్ళపొదలోకి దూరిపోతుంది. ఆకలితోనో, గాయం కుళ్ళియో, నక్క నోటపడో చనిపోతుంది. చేతికి చిక్కిన ఒక పక్షిని చూసి మనం హలాల్ అని సంతోషిస్తాం. చిక్కకుండా పోయిన వాటిని ఎవరు లెక్కపెడతారు? సంచిలో లేని పక్షి కర్మల పత్రంలో ఉంటుంది. అకారణంగా చంపిన పిచ్చుక గురించి కూడా ప్రశ్న ఉంటుందని నసాయీ గ్రంథంలోని హదీసు మనల్ని హెచ్చరిస్తోంది.

కనుక మా జవాబు ఇది. హనఫీ మస్లక్‌ను అనుసరించేవారు ఛర్రాల వేటలో హలాల్ మాంసం కోసం పక్షిని గాయపరిచే పద్ధతిని ఎంచుకోకూడదు. ఆ మాంసం తినాలన్న కోరిక ఉంటే పెంపకం పూరేళ్ళు బజారులో దొరుకుతాయి, వాటిని చేతితో పట్టుకుని సుఖంగా జిబహ్ చేసుకోవచ్చు. ఛర్రాతో చనిపోయినా హలాలే అన్న పండితుల మాటను అనుసరించేవారు ఒక్క దెబ్బతో ప్రాణం పోయేంత దట్టంగా ఛర్రాలు పడే దూరంలోనే పేల్చాలి. ఏ అభిప్రాయాన్ని తీసుకున్నా, కావాలని పలచగా కొట్టడానికి అందులో చోటు లేదు.

'ఒక్కటైనా తగలకపోతుందా!'

ఈ విషయంలో మమ్మల్ని మరింతగా కలవరపరిచేది మనసులో వచ్చే మార్పు. ఒకే బాణం ఉన్న వేటగాడు ఊపిరి బిగబట్టి గురి చూస్తాడు. అనుమానముంటే చేయి దించేస్తాడు. తప్పితే బాణం పోతుందన్న భయం అతనికి ఉంటుంది. నాలుగు వందల ఛర్రాలు ఒక్క వేలి కదలికతో వెదజల్లేవాడికి ఆ భయం ఉండదు. దూరం ఎక్కువైనా, పక్షి సరిగా కనిపించకపోయినా, గుంపు మధ్యలోకైనా సరే, ఒక్కటైనా తగలకపోతుందా అని పేలుస్తాడు. వెడల్పు అతని నైపుణ్యలోపాన్ని కప్పిపుచ్చుతుంది. ఆ లోపానికి మూల్యం మాత్రం పక్షి చెల్లిస్తుంది.

పొరపాటుకు మూల్యం చేసినవాడి నుండి ఇతరుల మీదికి మళ్ళించే సాధనం ఏదైనా, దాన్ని వాడేవాడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఒకసారి ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి ఉంచి దాని మీద బాణాలు వేయడం చూశారు. ప్రాణమున్న దాన్ని గురి వస్తువుగా చేసుకున్న వాడిని దైవప్రవక్త (స) శపించారని ఆయన వారికి గుర్తుచేశారు. అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖనాల్లోనే మరో రెండు మాటలున్నాయి. వేటాడిన జంతువు ఒకరోజు తరువాత దొరికితే, దాని మీద మన బాణపు గుర్తు తప్ప మరేదీ లేకపోతే తినవచ్చు. నీళ్ళలో పడి దొరికితే తినకూడదు. దీనిలో మాంసం తీర్పుతోపాటు ఒక క్రమశిక్షణ కూడా ఉంది. కొట్టిన దాని వెంట వెళ్ళాలి, వెదకాలి, అది ఎలా చనిపోయిందో తెలుసుకోవాలి. ఆయుధాన్ని వదలడంతో పని ముగియదు, జవాబుదారీ అక్కడే మొదలవుతుంది.

తగలని ఛర్రాల మాటేమిటి? 225లో నాలుగైదు పక్షికి తగిలితే మిగిలిన 220 ఎక్కడికి వెళ్ళాయి? అవి పొలాల్లో, చెరువుల్లో పడి ఉంటాయి. నీటిపక్షులు ఆహారం అరగడానికి మింగే చిన్న రాళ్ళతోపాటు ఈ సీసపు ఛర్రాలనూ మింగి విషం ఎక్కి చనిపోతాయి. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1991 నుండి నీటిపక్షుల వేటలో దేశమంతటా సీసపు ఛర్రాలను నిషేధించింది. యూరపు సమాజం 2023 ఫిబ్రవరి నుండి చిత్తడి నేలల్లో వాటి వాడకాన్ని ఆపివేసింది. గురి తప్పినది కూడా ఎవరినో తాకుతుందన్నమాట.

చేతికి అందేంత దగ్గర

మన దేశంలో ఈ ప్రశ్నకు ఇంకొక ముఖం ఉంది. 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణల తరువాత లైసెన్సు తీసుకుని సరదాకు వేటాడే అవకాశమే లేకుండా పోయింది. కౌజు, పూరేడు కూడా ఆ రక్షణలోనివే. తుపాకీ ఉంచుకోవడానికి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. మంచాల నుండి రాచకొండ గుట్టల వైపు వెళ్తే తుప్పల్లో కౌజులు ఇప్పటికీ లేస్తాయి. ఇబ్రహీంపట్నం చుట్టూ ప్లాట్లు, వెంచర్లు పెరిగేకొద్దీ ఆ తుప్పలు తరిగిపోతున్నాయి. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని ప్రభుత్వం ఎలా ఆపుతుందని కొందరు యువకులు అడుగుతుంటారు.

వేట ముబాహ్, అంటే అనుమతి ఉన్న పని. అది ఫర్జ్ కాదు, సున్నత్ కూడా కాదు. ముబాహ్ అయిన పనిని ప్రజాహితం కోసం పాలకులు పరిమితం చేస్తే దాన్ని పాటించడంలో ధర్మానికి వచ్చే లోటు ఏమీ లేదని పండితులు చెప్పారు. ఆ మాటకొస్తే అల్లాహ్ స్వయంగా ఇహ్రామ్ స్థితిలో ఉన్నవారికి వేటను నిషేధించాడు. చేతులకూ, ఈటెలకూ అందేంత దగ్గరగా వచ్చే వేట ద్వారా విశ్వాసులను పరీక్షిస్తానని అల్ మాయిదా సూరా 94వ ఆయత్‌లో తెలియజేశాడు. దూరంగా ఉన్నదాన్ని వదిలేయడం పెద్ద పరీక్ష కాదు. కాళ్ళ దగ్గర నుండి లేచిన పక్షిని, చేతిలో తుపాకీ ఉండగా, చూసేవారెవరూ లేనప్పుడు వదిలేయగలమా అన్నదే పరీక్ష.

ఈ సందర్భంలో డాక్టర్ సలీం అలీని తలచుకోవచ్చు. 1896లో బొంబాయిలో పుట్టిన ఆయన బాల్యంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమి పక్షి అన్న ప్రశ్న ఆయన్ను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ద్వారా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కించింది. తరువాత 1931-32లో ఆయన నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఆ రోజుల్లో అధ్యయనం కోసం పక్షులను తుపాకీతోనే సేకరించేవారు. చిన్న పక్షి శరీరం పాడు కాకుండా అతి సన్నని ఛర్రాలు వాడేవారు. ఇలా సేకరించిన ప్రతి పక్షి కాలికీ ఒక చీటీ కట్టి పేరు, తేదీ, చోటు రాసి భద్రపరిచేవారు. తీసిన ప్రతి ప్రాణానికీ లెక్క ఉండేది. ఆ లెక్కే ఆయన్ను క్రమంగా పక్షుల రక్షకుడిగా మార్చిందని మేము అనుకుంటాం. లెక్క లేకుండా చంపేవాడికి అలాంటి మార్పు రాదు.

పక్షుల నుండి మనుషుల దాకా

వెదజల్లి కొట్టే అలవాటు పక్షులతో ఆగిపోదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ముగఫ్ఫల్ (రజి) తన బంధువు ఒకరు వేళ్ళతో చిన్న రాళ్ళు విసురుతుండగా వారించారు. దైవప్రవక్త (స) దాన్ని నివారించారని, దానివల్ల వేట దొరకదని, శత్రువు దెబ్బతినడని, అది పన్ను విరగ్గొడుతుంది, కన్ను పొడుస్తుంది అంతేనని వివరించారు. ప్రయోజనం నిశ్చయంగా లేనిచోట, హాని ఎవరికి తగులుతుందో తెలియనిచోట చేయి ఆపుకోవాలని దీని సారాంశం.

జమ్మూ కాశ్మీరులో గుంపులను చెదరగొట్టడానికి 2010లో ఛర్రాల తుపాకులు వాడకంలోకి వచ్చాయి. 2016 వేసవిలో 32 రోజుల్లో దాదాపు 13 లక్షల ఛర్రాలు పేల్చినట్లు సి.ఆర్.పి.ఎఫ్. అక్కడి హైకోర్టుకు తెలియజేసింది. కళ్ళకు దెబ్బ తగిలి ఆసుపత్రికి చేరిన వారిలో ఇంట్లో కిటికీ దగ్గర నిలబడిన పిల్లలు కూడా ఉన్నారు. రాజకీయ వాదోపవాదాల్లోకి పోవడం మా ఉద్దేశం కాదు. రాయి విసిరిన చేతికి కూడా ఈ హదీసు వర్తిస్తుంది. ఆ రాయి కూడా ఎవరి తలకు తగులుతుందో చూసుకోకుండానే వెళ్తుంది. గుంపు మీదకు చెదిరిపోయే వస్తువును వదిలినవాడు ఏ పక్షాన ఉన్నా, గురిపెట్టని కంటికి కూడా జవాబు చెప్పవలసిందే.

నాలుక సంగతి కూడా ఇంతే. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు వ్యాపించాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షాటన చేసుకుంటున్న ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ సందేశాన్ని పంపిన ఒక్కొక్కరినీ అడిగితే తామెవరినీ చంపలేదనే అంటారు. వారు పంపినది ఒక్క ఛర్రానే. జాగ్రత్తకోసమే పంపామని, ఎవరికో ఒకరికి పనికొస్తుందని అనుకున్నారు. ఒక వర్గం మొత్తాన్ని దొంగలనడం, ఒక వీధి మొత్తాన్ని నిందించడం, సభలో పేరు చెప్పకుండా పదిమందికి తగిలేటట్లు మాట విసరడం ఇవన్నీ స్ప్రెడర్ తూటాలే. వార్త వచ్చినప్పుడు విచారించుకోమని, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవద్దని అల్ హుజురాత్ సూరా ఆదేశించింది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

చట్టం అనుమతించిన దేశాల్లో వేటకు వెళ్ళే సోదరులు కొన్ని విషయాలు గమనించగలరు.

మొదటిది, తుపాకీని ముందు కాగితం మీద పరీక్షించుకోవాలి. ఏ తూటా ఏ దూరంలో ఎంత దట్టంగా పడుతుందో రంధ్రాలు లెక్కపెట్టి తెలుసుకోవాలి. కత్తికి పదును పెట్టుకోమన్న బోధనకు తుపాకీ విషయంలో అర్థం ఇదే. కాగితానికి నొప్పి ఉండదు, పక్షికి ఉంటుంది.

రెండవది, స్ప్రెడర్ తూటా వాడితే దాని హద్దు దాటిన పక్షిని వదిలేయాలి. గుంపు మధ్యలోకి పేల్చకుండా ఒక్క పక్షిని ఎంచుకోవాలి. దాని వెనుక మరో పక్షి గాని, మనిషి గాని లేరని చూసుకోవాలి.

మూడవది, పడిన పక్షి దొరికే వరకు తరువాతి తూటా పేల్చరాదు. దొరకనిదాన్ని కూడా తమకు అనుమతించిన సంఖ్యలోనే లెక్కపెట్టుకోవాలి. ప్రభుత్వ అధికారికి చేతికి వచ్చిన పక్షులే కనిపిస్తాయి. అల్లాహ్‌కు పొదలోని పక్షి కూడా కనిపిస్తుంది.

నాలుగవది, సరదా కోసమే అయితే అసలు వెళ్ళవద్దు. వేట వెంటపడినవాడు పరధ్యానంలో పడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నమాజు వేళ తప్పిపోవడం ఆ పరధ్యానంలో మొదటి మెట్టు.

మన దేశంలో ఉన్నవారికి చెప్పవలసింది ఇంకా సులువు. కాళ్ళ దగ్గర నుండి కౌజు లేచినప్పుడు నిలబడి చూడండి. భూమి మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సముదాయాలేనని అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయత్ తెలియజేస్తోంది. ఒక సముదాయం గడ్డిలో నుండి లేచి మరో గట్టు మీద వాలడం చూసి సుబ్‌హానల్లాహ్ అనడం కూడా ఆరాధనే.

మన చేతులు, మన నాలుకలు వదిలే ప్రతిదీ ఎక్కడ పడుతుందో చూసుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.